తోడల్లుళ్ళ సముద్రాలు

తమ్ముడికి,

ఇక్కడ అందరం కులాసా. మీరూ కులాసాయే అని మామగారు చెప్పారు. ఆ మాట ఒక్కసారే చెప్పారు. మీ హాల్లోని ఉప్పునీళ్ళ అక్వేరియం సంగతి మాత్రం భోజనం దగ్గరా చెప్పారు, నేను షాపులో ఎవరిదో నడుం కొలుస్తుంటేనూ చెప్పారు. "చిన్నల్లుడు ఇంట్లోకి సముద్రం తెచ్చాడయ్యా! నారింజ చేప, ఒంటి మీద తెల్ల చారలు!"

ముప్పయ్యేళ్ళు పడవ ఇంజన్లలో లోపాలు వెతికిన మనిషి. ఆయన చొక్కాలన్నీ కుట్టింది నేను. ఇంతవరకూ ఒక్క "భేష్" లేదు. అందుకని నేనూ గాజుతొట్టె కొన్నాను, నీదానికంటే జానెడు పొడవు. పదిహేను రోజుల్లో ఆయన మళ్ళీ వస్తారు. పద్ధతి రాయి.

మీ అన్నయ్య

తా.క.: నాకు అసూయ లేదు. ఉందని మీ వదిన అంటోంది.

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

వంటింటి ఉప్పు వాడకండి. అక్వేరియం షాపులో సముద్రపు ఉప్పు అమ్ముతారు, కొలిచి కలపండి. అడుగున ఇసుక, రాళ్ళు వేసి మోటారు, హీటరు నడపండి. నెల దాటేదాకా చేప వేయకండి. చేప వదిలే మలినాన్ని తినే సూక్ష్మజీవులు ముందు ఆ రాళ్ళలో పెరగాలి. అవి కంటికి కనబడవు. తొందరపడితే చేప బతకదు.

మీ తమ్ముడు

తా.క.: ఖాళీ తొట్టె చూసి నవ్వేవాళ్ళను పట్టించుకోకండి. మా ఇంట్లో మొదట నవ్వింది మామగారే.

*

తమ్ముడికి,

ఏం తెలివి! మామగారు వచ్చే రోజుకి నా తొట్టెలో రాళ్ళు, కంటికి కనబడని జీవులు! ఖాళీ కంచం పెట్టి, కనబడని కూర వడ్డించానని చెప్పమంటావా?

షాపతను నా నీళ్ళు పరీక్షించి, "ఈ నీళ్ళకి చేపనివ్వను సార్" అన్నాడు. డబ్బిస్తానన్నా సరుకివ్వని వ్యాపారిని నేనెక్కడా చూడలేదు. నువ్వు ముందే చెప్పి ఉంటావు.

మీ అన్నయ్య

తా.క.: రెండో షాపులోనూ అదే మాట. ఎంతమందిని కొనేశావు?

*

అన్నయ్యగారికి,

ఆ షాపులు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. మా చేప రోజంతా రాతి వెనకే ఉంటుంది. మామగారు చూసింది తోక, మిగతాది ఊహించుకున్నారు. దయచేసి ఆగండి.

మీ తమ్ముడు

తా.క.: మీ అనుమానం నిజమైనా బాగుండేది. నా మాట వినేవాళ్ళు ఇద్దరైనా ఉండేవారు.

*

తమ్ముడికి,

ఆగలేదు. జాకెట్ల పనిలో మిగిలిన నారింజ, తెలుపు శాటిన్ ముక్కలతో మూడు చేపలు కుట్టాను. కడుపులో దూది, గులకరాయి. నైలాన్ దారంతో మూతకి వేలాడదీశాను. మోటారు నీళ్ళకి నిజం చేపల్లాగే ఊగాయి. మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాఫీ చల్లారినా లేవలేదు.

సాయంత్రానికి రంగు దిగింది. తొట్టె నిండా నారింజ రసం. ఆయన నా మొహం చూసి, సంచి భుజాన తగిలించుకుని, చెప్పులేసుకుని మీ ఇంటికి బయల్దేరారు. ఇక మా గడప తొక్కరు. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?

మీ అన్నయ్య

తా.క.: మీ వదిన ఆ చేపల్ని పిండి తీగ మీద ఆరేసింది. పక్కింటావిడ తన పిల్లిని లోపల కట్టేసుకుంది.

*

అన్నయ్యగారికి,

మామగారు సంచి దించకుండానే మొదలెట్టారు. "పెద్దల్లుడి చేపలు చూడాలయ్యా! రెక్క దగ్గర కుట్టు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. భేష్!"

"అవి గుడ్డవని మీకు తెలుసా?" అన్నాను.

"తెలియకపోతే కుట్టెందుకు వెతుకుతాను? రంగు దిగాక పాపం అతని మొహం చూడలేక వచ్చేశాను" అన్నారు.

అప్పుడే మా చేప రాతి వెనక నుంచి పూర్తిగా బయటికొచ్చింది. ఆయన అటు తిరగలేదు. మీ దగ్గర నా సముద్రాన్ని అంత పొగిడారట. నాతో ఇంతవరకూ అన్నది, "ఆ మోటారు చప్పుడు బాగాలేదు" అని.

రేపు మీ ఇంటికే తిరిగొస్తున్నారు.

మీ తమ్ముడు

తా.క.: మీకోసం రంగు దిగని గుడ్డ కొనాలని ఇవాళ బజారంతా తిరిగారు. ప్రతి షాపులోనూ "మా పెద్దల్లుడి పనితనం చూడాలి మీరు" అన్నారు. పక్కన సంచి మోసింది నేను. నేనెవరని ఎవరూ అడగలేదు.