పడుగు తడిసిపోతుందని పరుగెత్తాను

బంగారుపాళ్యం

అక్కకు తమ్ముడు చంద్రయ్య దండం పెట్టి రాసేది. నువ్వు, బావ, నా బిడ్డ గౌరి అందరూ బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో నువ్వు "ఏమన్నా మాట్లాడరా" అంటే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోనే ఉన్నాను. రోజంతా పండ్లు ఏరడమే. నా ఒళ్లంతా మామిడి వాసనని అందరూ అంటారు, నాకు ఏ వాసనా తెలియడం లేదు. రాగిసంగటి అలవాటైంది. ఎండ మండిపోతోంది. తింటున్నాను, పడుకుంటున్నాను, దిగులు పడొద్దు. పద్మ పోయి ఏడాది కావస్తున్నా నేను ఒక్కసారి ఏడవలేదని నువ్వు బాధపడ్డావు. ఏడుపు రాకపోతే ఏం చేసేది? "అమ్మ ఏది నాయనా" అని గౌరి అడిగినప్పుడల్లా లేచి వీధిలోకి పోయాను. దాన్ని నీ దగ్గర వదిలి ఇంత దూరం వచ్చింది కూడా అందుకే. పని కోసమని నీకు చెప్పాను గానీ.

మా కాలనీలో ఒక హాలు కడుతున్నాం. ఇక్కడ ఇళ్లన్నీ ఒక్క గదివి, పదిమంది కూర్చోవాలంటే చోటు లేదు. ఇంటికొకరు పనికి రావాలని మాట. వస్తారు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు! స్లాబు వేసే ముందురోజు మేస్త్రీ మునస్వామి తల పట్టుకున్నాడు. "మొదులు పెడితే నిలపకూడదబ్బా. నడాన నిలిపితే ఆడ అతుకు పడి నీళ్లు కారతాయి" అన్నాడు.

నాకు మన వెంకటగిరి వీధి గుర్తొచ్చింది. చీర పడుగు దారాలకు గంజి పెట్టి వీధి పొడుగునా లాగి కట్టాక ఎవరైనా ఇంటికి పోతారా అక్కా? పిలవకపోయినా ఇరుగుపొరుగు వచ్చి పట్టుకుంటారు, ఆరేదాకా కదలరు. అదే వాళ్లకు చెప్పి, ఎవరి చోట వాళ్లను వరసగా నిలబెట్టాను. హోటల్లో దోసెలు పోసే రెడ్డెమ్మ నాకు ఒకవైపు, తమిళం తప్ప రాని సెల్వం ఇంకోవైపు. సిమెంటు చట్టీలు చేతులు మారుతూనే ఉన్నాయి. శనివారం సాయంత్రానికి ఒక్క అతుకు లేకుండా అయిపోయింది. అందరూ సంబరపడ్డారు. నాకేమీ అనిపించలేదు.

మరునాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. నాకేమైందో, "పడుగు తడిసిపోతుండాది, రండప్పా!" అని అరుస్తూ టార్పాలిన్ పట్టా తీసుకుని హాలు మిద్దె ఎక్కాను. ఎందుకో తెలియకుండానే కాలనీ అంతా నా వెనకే పరుగెత్తింది. రెడ్డెమ్మ అయితే కొత్త చాపే తెచ్చి పరిచేసింది.

మునస్వామి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఏమబ్బా, ఇదేమన్నా సీరనుకుంటివా? గట్టిపడినంక దీనికి నీళ్లే గదా కావాల్సింది! తియ్యండి అంతా."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. మన వీధిలో వాన చినుకు పడితే ముందు పరుగెత్తుకొచ్చేది పద్మే కదా. ఆ పట్టా రెండో కొస తనే అందుకుంటుందని చాచాను అక్కా. సెల్వం పట్టుకున్నాడు.

రెడ్డెమ్మ నన్ను ఊరుకోమనలేదు. "ఏడువబ్బా, అందరమూ తడిసే ఉండాము" అంది.

బావకు, వీధిలో పెద్దలకు నా దండాలు చెప్పు. నిమ్మకాయ ఊరగాయ ఉంటే కొంచెం తీసిపెట్టు. బడులు తెరిచేలోపు వస్తాను. గౌరిని నాతో పంపిస్తావా? ముందు దాన్నే అడుగు, రానంటే కోప్పడొద్దు. వాళ్లమ్మ గురించి ఎంతసేపు అడిగినా పక్కన కూర్చుని చెబుతానని చెప్పు. నాకూ చెప్పుకోవాలని ఉంది.

నీ దీవెన కోరే తమ్ముడు,
చంద్రయ్య