ఆయన ఒక్క పెగ్గు

మంగళవారం రాత్రి, నర్సీపట్నం

రోజుకొక్క పెగ్గు గుండెకు మంచిదని ఎవరో చెప్తే నమ్మి, మా ఆయనకు నా చేత్తోనే బ్రాందీ పోసిస్తున్నాను. ఇంట్లో ఒక్కటి పడితే వైన్ షాపు జోలికి పోరని నా ధైర్యం. ఇవాళ ఆయన బీపీ చూసిన కొత్త డాక్టరుగారేమో, "కొంచెమైనా మంచిది కాదమ్మా" అనేశారు.

మరి దానివల్ల నేను కళ్లారా చూసిన మంచి సంగతేమిటి? జీడితోట నుంచి వచ్చి నోరు విప్పని మనిషి, ఆ పెగ్గు పట్టుకుని నా పక్కన కూర్చున్నప్పుడే కదా నవ్వేది, నాలుగు కబుర్లు చెప్పేది!

సాయంత్రం గ్లాసులో నిమ్మసోడా పోసి ఆయన ముందు పెట్టి, ఏమంటారోనన్న భయంతో వంటింట్లోకి వచ్చేశాను. రెండు గుక్కలు తాగి పిలిచారు.

"ఏటే, మందు నేకపోతే నువ్వూ వచ్చి కూకోవేటి?"

వెళ్లి కూర్చున్నాను. పూత మాడిపోయిందని మొదలుపెట్టి, అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

ఇన్నాళ్లూ పని చేసింది బ్రాందీయో, పక్కన కూర్చున్న నేనో. అయినా ఒక్క రోజుకే ఏం తెలుస్తుంది... సీసా పారబోద్దామని తీశాను. చెయ్యి రాలేదు, నాకే.