శుక్రవారం ఆపకూడని మిషన్

శుక్రవారం

పొద్దున చీరల డిజైన్ సెంటర్ తెరిచేసరికి మా ఓనర్ శెట్టి కీబోర్డు సందుల్లో కుంకుమ రాలి ఉంది. అన్నిటికీ వైరస్ పట్టింది. మిగతా ఐదు కంప్యూటర్ల నెట్‌వర్క్ కేబుళ్లు పీకి, ఒక్కొక్కటీ స్కాన్ చేసి వైరస్ తీశాను. శెట్టి తనది మాత్రం ముట్టనివ్వలేదు. “పూజ చేసిన మిషన్ శుక్రవారం ఆపకూడదమ్మా,” అన్నాడు.

నేను అన్నానికి పోయినప్పుడు కేబుళ్లన్నీ తానే తగిలించాడు. అతని కంప్యూటర్లోని వైరస్ ఐదింటికీ మళ్లీ పాకింది. చీరల డిజైన్లలో సగం తెరుచుకోవడం లేదు.

డిజైన్ల కోసం వచ్చిన నేతగాళ్ల ముందే అన్నాడు: “ఏమ్మా, కాన్వెంట్లో నేర్చింది ఇదేనా? నువ్వు చెయ్యి పెట్టినాకే చెడిపోయినాయి.”

వాళ్లంతా నమ్మేసి ఉంటారు. ఇంకా ఒళ్లు మండుతోంది...

సాయంత్రం శెట్టి ఇంటికి పోయాక అతని కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, స్కాన్ చేసి, వైరస్ దాన్నుంచే పాకిందని చూపే రిపోర్టు ప్రింటు తీసి, రేపు వచ్చే నేతగాళ్లకు కనబడేలా సెంటర్ వీధి తలుపుకు అంటించి వచ్చాను.