నేను ఆపని వాక్యం

ప్రియమైన వదినకు,

ఫోన్‌లో చెబుదామంటే నీకు సగం వినబడదు, మిగతా సగం నువ్వు వినిపించుకోవు. అందుకే కాగితం తీసుకున్నాను. నువ్వు ఎత్తుకుని పెంచిన తమ్ముడు రాజకీయాల్లోకి దిగారు. పేపర్లో చూసే ఉంటావు. పద్దెనిమిదేళ్లుగా టీవీలో జనానికి గోడ పగుళ్లు పూడ్చడం, కుళాయి కారకుండా బిగించడం నేర్పి, ఆ పేరు మీదే రంగుల కంపెనీ పెట్టి పైకొచ్చిన మనిషి, ఇప్పుడు ఊరినే బాగుచేస్తానంటున్నారు. ఉన్న రెండు పెద్ద పార్టీలూ ఇంటికొచ్చి మరీ పిలిచాయి. ఈయన రెండిటికీ ఓ దణ్ణం పెట్టి, నిన్నగాక మొన్న పుట్టిన మూడో పార్టీలో చేరారు. గుర్తు నిచ్చెన. నిచ్చెనెక్కి రంగులేసే మనిషికి ఇంతకన్నా ఏం కావాలని అందరూ మురిసిపోతున్నారు. నేను మాత్రం కుళ్లుకుంటున్నాను. నీ దగ్గర దాచి లాభం లేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. షూటింగ్ ఉన్న రోజు పొద్దున్నే నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తాను. ఆయన బల్లకి అవతల నిలబడి, ఆరోజు కెమెరా ముందు మాట్లాడబోయేదంతా నాకు అప్పజెబుతారు. మాట బాగుంటే ఇస్త్రీ పెట్టె నడుస్తుంది. బాగాలేకపోతే ఆగుతుంది. ఆగిందంటే ఇంకేం అడగరు, ఆ మాట కొట్టేసి ఇంకోటి వెతుక్కుంటారు. చొక్కా కాలేలోపు దొరకాలి, అదీ మా పందెం. ఇన్నేళ్లలో రెండే చొక్కాలు కాలాయి. ఒక్కోసారి ఆయనకి తోచకపోతే నేనే అందిస్తాను. "చేతకాదని మీకెవరు చెప్పారు?" అని ప్రతి ఎపిసోడ్ చివర అంటారు చూడు, ఇంటింటా పిల్లలు కూడా అనుకరించే ఆ మాట, అది నాదే. పేరు రాలేదని ఎప్పుడూ బాధపడలేదు. ఆయనకి తెలుసు కదా, చాలనుకున్నాను.

ఇప్పుడు చొక్కాలు లాండ్రీ నుంచి వస్తున్నాయి, నడుముకి కాగితం పట్టీ చుట్టుకుని. "నీకెందుకే శ్రమ" అన్నారు. మాటలు సరిచూడ్డానికి పార్టీ వాళ్లు ఒక సలహాదారుని పెట్టారట. ముప్ఫై కూడా నిండని పిల్ల, జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది. మనసులో నేను దాన్ని పెన్సిల్ అనే పిలుస్తాను. ఆ పిల్ల చదువు, ఆ పిల్ల తెలివి, ఆ పిల్ల ముందుచూపు: కాఫీ చల్లారేదాకా ఇదే భజన. తప్పుగా అనుకోకు, ఆయన మీద అలాంటి అనుమానమేమీ లేదు. అలాంటిదైతే ఇంత బాధపడను, ఓ నాలుగు కేకలేసి ఊరుకునేదాన్ని.

నిన్న ఉండబట్టలేక పార్టీ ఆఫీసుకి వెళ్లాను. ఇదివరకు ఫర్నిచర్ షాపు అది, గోడ మీద సోఫాల రేట్లు ఇంకా చెరిగిపోలేదు. గుమ్మంలో ఉన్నావిడ "వాలంటీరా అండీ?" అని, నా జవాబు వినకుండానే ఓ కవర్ల కట్ట చేతిలో పెట్టి అంటించమంది. నేనెవరినో చెప్పలేదు వదినా, పౌరుషమొచ్చి కూర్చుని నలభై కవర్లు అంటించాను. ఎదురుగా అద్దాల గదిలో ఆయన చేతులూపుతూ మాట్లాడుతున్నారు. పెన్సిల్ వింటోంది, తల ఊపుతోంది. ఒక్కసారి కూడా ఆపలేదు.

కుళ్లుతో,
నీ మరదలు


ప్రియమైన వదినకు,

"పెళ్లాంవి కదా, నీ చోటు ఎక్కడికి పోతుంది" అని రాశావు. నా చోటు పక్కన కాదు వదినా, ఎదురుగా. అదే పోయింది. ఇక అసలు సంగతి. నువ్వు టీవీలో చూసి తమ్ముడి కోసం ఏడ్చిన ఆ సభ చెడిపోవడానికి కారణం నేను.

సభ రోజు పొద్దున లాండ్రీ వాడు తలుపు తియ్యలేదు. ఈయన చొక్కా పట్టుకుని, మరో చేత్తో ఉపన్యాసం కాగితాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "కాస్త ఇస్త్రీ చేస్తావా" అన్నారు. నా పండగ నాకు తిరిగొచ్చినట్టయింది. బల్ల వాల్చాను. ఆయన మొదలుపెట్టారు. అవినీతి, రోడ్లు, రెండు పార్టీలూ వంతులేసుకుని కుర్చీ ఎక్కడం, అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడొచ్చింది ఆ వాక్యం.

"నేనొక్కణ్ణే పైకొచ్చాను. నా వెనక ఏనాడూ ఎవరూ నిలబడలేదు."

వదినా, మన గరాజ్ నీకు గుర్తుంది కదా. కంపెనీ అంటే అప్పుడు అదే. ఆరుగురు ఆడవాళ్లు ఆ వాసనలో నిలబడి డబ్బాల్లో రంగు నింపేవారు. మూతలు కొట్టి బిగించే పెద్దావిడని అందరం మూత పెద్దమ్మ అనేవాళ్లం. మొదటి ఏడాది జీతాలు ఆలస్యమైతే, ఆవిడే మిగతా ఐదుగురికీ సర్దిచెప్పి పనిలో నిలబెట్టింది. ఆ ఆరుగురూ ఇవాళ సభలో ముందు వరసలో కూర్చుంటారని నాకు తెలుసు. ఆ మాట వాళ్ల చెవిన పడితే ఏమవుతుందో కూడా తెలుసు. నా చెయ్యి ఆగబోయింది. ఆపితే ఆయన కొట్టేస్తారు, నేను అందిస్తే ఇంకో మంచి మాట చెబుతారు, చప్పట్లు మోగుతాయి, మర్నాడు పేపర్లో పెన్సిల్ తెలివిని మెచ్చుకుంటారు. పైగా ఆ "ఎవరూ" అన్నదాన్లో నేనూ ఉన్నాను. పెట్టె ఆపలేదు. కాలర్ నుంచి మొదలుపెట్టి చేతుల దాకా సాఫీగా నడిపించాను. ఆయన ముఖం వెలిగింది. "ఇదే ముగింపు" అన్నారు.

తరవాత జరిగింది నువ్వు చూశావు. ఆ మాట అనగానే మూత పెద్దమ్మ లేచింది. చీర మీద పెట్టుకున్న నిచ్చెన బ్యాడ్జీ తీసి కుర్చీలో పెట్టి నడిచింది. వెనకే ఐదుగురూ. వాళ్ల వెనక ఫ్యాక్టరీ వాళ్ల రెండు వరసలు. కెమెరాలన్నీ స్టేజి వదిలేసి వాళ్ల వెంట పడ్డాయి. "సొంత మనుషులే నిచ్చెన లాగేశారు" అని రెండు పార్టీల వాళ్లూ జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడి నవ్వుతున్నారు.

ఇంటికొచ్చి షూస్ కూడా విప్పకుండా కూర్చున్నారు. "నువ్వెందుకు ఆపలేదు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"సరిగ్గా వినలేదండీ" అన్నాను.

పెళ్లయ్యాక ఆయనతో ఆడిన అబద్ధాల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదు. ఇక పోటీ చెయ్యనంటున్నారు. నామినేషన్‌కి నాలుగు రోజులే ఉంది. నిజం చెప్పమంటావా, మింగెయ్యమంటావా?

తల ఎత్తుకోలేని
నీ మరదలు


ప్రియమైన వదినకు,

నీ జవాబు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. "చెప్పి చావు" అని కార్డు మీద రెండే ముక్కలు రాశావు. చెప్పాను, ఇంకా చావలేదు.

ముందు పెన్సిల్ ఇంటికొచ్చింది. సభ తెల్లారి, ఒంటరిగా. కళ్లు వాచి ఉన్నాయి. లోపలికొస్తూనే, "ఆంటీ, ఆ లైను ఆయనే రాసుకున్నారు. తీసెయ్యండని నేను మూడుసార్లు కొట్టేశాను. మూడుసార్లూ ఇంటికెళ్లి అడుగుతానన్నారు. చివరికి మీరు సరేనన్నారని ఉంచేశారు" అంది. తరవాత, "నేనేం చెప్పినా అంతే ఆంటీ. మా ఆవిణ్ణి అడిగి చెబుతానంటారు. నేనిక్కడ ఎందుకున్నానో నాకే అర్థం కాదు. మిమ్మల్ని చూస్తే కుళ్లొస్తుంది" అంది. చూశావా, నేను దాన్ని చూసి, అది నన్ను చూసి. లాండ్రీకి చొక్కాలు ఇచ్చినంత మాత్రాన ఆయన నన్ను అడగడం మానలేదు. భోజనాల దగ్గర, కార్లో, ఏదో కబురు చెబుతున్నట్టు ఆ ఉపన్యాసాలే నాకు వినిపిస్తున్నారు. నేనే మూతి ముడుచుకుని విన్నాను.

ఆ పూటే మూత పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూలబడి నాలుగు కాయలు తీసుకున్నాను.

"ఆ మాట నువ్వు రాశావా?" అంది.

"లేదు పెద్దమ్మా. ఆపాల్సింది నేను. ఆపలేదు."

"ఎందుకాపలేదు?"

"కుళ్లు."

"జుట్టులో పెన్సిలు పెట్టుకు తిరిగే ఆ పిల్ల మీదా?"

అవుననబోయాను వదినా. ఆ పిల్ల వాచిన కళ్లు చూశాక అది అబద్ధమైపోయింది. చేతిలో కాయ అలాగే ఉంది. ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకోని మాట బయటికొచ్చింది. "ఆయన మీద" అన్నాను.

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "ఇప్పటికి తెలిసిందా? మాకు గరాజ్‌లో ఉన్నప్పుడే తెలుసు. ఆయన కెమెరా ముందు మాట్లాడుతుంటే నువ్వు వెనక నిలబడేదానివి. నీ పెదాలు కదిలేవి" అంది.

ఇంటికెళ్లి, ఆయన గడ్డం గీసుకుంటుంటే, కావాలనే ఆపలేదని చెప్పేశాను. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగుంది.

"నేను పడిపోవాలనుకున్నావా?"

"ఆ ఒక్క పూటకి అనుకున్నాను."

అద్దంలో నన్నే చూశారు. "వెనక ఎవరూ లేరని రాసినప్పుడు నువ్వు గుర్తు రాలేదు నాకు. అది నిజం" అన్నారు. తరవాత రెండో చెంప కూడా గీసుకుని, తువ్వాలు ఆరేసి, కమిటీ మీటింగ్‌కి నన్ను కూడా రమ్మన్నారు. తప్పుకుంటానని అక్కడ చెప్పేటప్పుడు నేను ఉండాలట.

కమిటీలో ఆయన, మూత పెద్దమ్మ, పెన్సిల్‌తో కలిపి పదకొండుమంది. తప్పుకుంటున్నానన్నారు. మరెవరిని నిలబెడదామని అందరూ ముఖాలు చూసుకుంటుంటే, కమిటీలో తన పేరు కొట్టేయించుకుందామని వచ్చిన మూత పెద్దమ్మ నా వైపు వేలు చూపించి, "ఈమె" అంది. నవ్వుతారనుకున్నాను. పెన్సిల్ జుట్టులోంచి పెన్సిల్ తీసి కాగితం మీద ఏదో రాసుకుంది. ఒకాయన, "మీరు ఎప్పుడైనా జనంలో మాట్లాడారా అమ్మా?" అన్నారు.

"పద్దెనిమిదేళ్లుగా మాట్లాడుతున్నానండీ. మీరు విన్నారు కూడా" అన్నాను.

మా ఆయన ముందే అనేశాను వదినా. ఆ మాట అంటుంటే ఎంత సుఖంగా ఉందో నీకు చెప్పలేను. ఆ ఒక్క వాక్యం కోసం ఇన్నేళ్లూ కుళ్లుకున్నాననిపించింది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ముందు పెద్దమ్మది, తరవాత పెన్సిల్‌ది, ఒక్కొక్కటే లేచాయి. పది చేతులు లెక్కపెట్టాను.

మీ తమ్ముడిది లేవలేదు.

వద్దని కూడా అనలేదు. చెయ్యి బల్ల మీదే పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. పక్కనున్నాయన గుసగుసగా "సార్, మీదొక్కటే" అన్నా కదల్లేదు. అందరూ నాకేసి జాలిగా చూశారు. నాకు కోపం రాలేదు. ఆ చెయ్యి ఎందుకంత బరువెక్కిందో ఆ గదిలో నాకు తప్ప ఎవరికి తెలుసు.

రేపు నామినేషన్. ఆయనే కారు నడుపుతానన్నారు. ఇకమీదట నీకు ఉత్తరాలు ఆయన రాస్తారు, చూస్తూ ఉండు. ఆ బాధ చెప్పుకోడానికి ఆయనకి మాత్రం నువ్వు తప్ప ఎవరున్నారు? వెంటనే జవాబివ్వు. నా మీద చాడీలుంటాయి. సగం నమ్ము.

ఇట్లు,
నీ మరదలు
(నిచ్చెన గుర్తు)