కళ్లు ముందే పెట్టిన బొమ్మ

జంషెడ్‌పూర్ పక్కన జుగ్సలాయిలో బొమ్మల కొట్టు నడుపుతున్న గొర్లె పోలరాజు అనే నేను, వయస్సు అరవై ఏడు, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. వయసు మీద పడిన మాట నిజమే. బుర్ర బాగానే ఉంది.

1. కొట్టూ, దాని వెనక ఇల్లూ నా భార్య వరహాలమ్మకు సర్వహక్కులతో చెందుతాయి. బోర్డు మీద "అసలైన సంతాల్ చిత్రాలు" అన్న మాట చెరిపెయ్యాలి. అవన్నీ ఆమె వంటింట్లో కూర్చుని గీసినవి. "నాను గీసిన బొమ్మకి ఆళ్ల పేరెందుకు పెడతన్నావు?" అని మొదటి రోజే అడిగింది. నేను ఆ బోర్డే తగిలించాను. వరహాలూ, నీ గీత చాలా అందమైనది. ఇకనుంచి కింద నీ పేరే రాసుకో.

2. చేతిగడియారం కొడుకు గోవిందరావుకు. "లేబుల్ హీ తో బిక్‌తా హై, బాబూజీ" అని నవ్వుతాడు. అమ్ముడయ్యేది లేబులేనట. నా దగ్గరే నేర్చుకున్నాడు. బోర్డు చెరిపాకే గడియారం ఇవ్వాలి.

3. జంషెడ్‌పూర్‌లోనే మాంగో పేటలో ఉండే టీచరు సుమిత్రా ముర్ము, సంతాల్ గిరిజనుల అమ్మాయి, తండ్రి చనిపోయిన వారంలో మా బోర్డు నమ్మి ఒక ముసలాయన బొమ్మ కొంది. వాళ్లలో పోయినవారి బొమ్మను చిత్రకారుడు కంటిపాపలు లేకుండా తెస్తాడు. ఇంటివాళ్ల ఎదుట పాపలు దిద్దితేనే పోయిన మనిషికి అవతల దారి కనిపిస్తుందని నమ్మకం. మా బొమ్మకు కళ్లు ముందే ఉన్నాయి. వాళ్లమ్మ అది చూసి ఏడ్చిందట. సుమిత్ర వినియోగదారుల ఫోరంకు వెళ్లింది. మా కొట్టు బొమ్మలు తనే వేశానంటూ భూతనాథ్ చిత్రకార్ వేలిముద్ర ఉన్న కాగితం చూపించి నేను గెలిచాను.

4. భూతనాథ్ ఆ సంతాల్ బొమ్మలు నిజంగా వేసే చిత్రకారుడు, నాకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. చదువు రాదు. కాగితం అతని సొంత బొమ్మల గురించేనని చెప్పి వేలిముద్ర వేయించాను. సంగతి తెలిశాక మా కొట్లో టీ తాగడం మానేశాడు. తప్పంతా నాది. ఈ వీలునామా నకలు ఫోరంకు పంపాలి. అతను కూర్చునే పీట అతనికే ఇవ్వండి. భూతనాథ్, నువ్వు రాని సాయంత్రాలు నాకు గడవడం లేదు.

5. సుమిత్ర తండ్రి బొమ్మ వేసి, ఆ ఇంట్లోనే పాపలు దిద్దమని భూతనాథ్‌ను అడగాలి. నా కోసం కాదు, ఆ తల్లి కోసం. ఇదంతా జరిపించే పెద్దమనిషిగా మా పక్కింటి సీతారామరావు గారిని నియమిస్తున్నాను. సుమిత్ర తండ్రి బొమ్మకు కళ్లు వచ్చేదాకా, నేను పోయాక నా ఫోటో గోడకు పెట్టొద్దు.

జుగ్సలాయి, 12 నవంబరు 1989, ఆదివారం.

(సంతకం) గొర్లె పోలరాజు

సాక్షులు:
బంగారురాజు, క్రేన్ ఆపరేటరు, బిర్సానగర్
తవిటమ్మ, జుగ్సలాయి (వేలిముద్ర, మొత్తం చదివి వినిపించిన తర్వాతే వేయించడమైనది)