సీటుకు పూసిన క్రేను గ్రీజు

12-6-1983, ఆదివారం రాత్రి

బావ నడిపే కాంట్రాక్టరుగారి ఫారిన్ కారులో స్విచ్చి నొక్కితే జరిగే సీటు, వెనక్కి పోయి అక్కడే ఇరుక్కుంది. పొట్టివాడు బావ, కాలు బ్రేకుకు అందడం లేదు. రేపటికి బాగుకాకపోతే కాళ్లు పొడుగున్న డ్రైవర్ని పెట్టుకుంటాడట ఆ పెద్దమనిషి. సీటు పాడైతే మనిషిని మారుస్తాడు వీడు.

నేను బాగుచేస్తానని పొద్దున్నే ఎగబడ్డాను. సీటు ఊడదీసి, మోటారును బ్యాటరీకి కలిపితే శుభ్రంగా తిరిగింది. దాని పక్కనున్న ప్లాస్టిక్ చక్రానికి మాత్రం ఒక్క పన్ను మిగల్లేదు. అలాంటిది ఈ ఊళ్లో దొరకదు. సీటు జరిగే పట్టాల నిండా ఎర్రటి ముద్ద. పోయిన నెల ఎవరూ అడక్కుండానే నేను పూసిన క్రేను గ్రీజు అది. పోర్టులో ఏది కిర్రుమన్నా అదే పూస్తాం. పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం దుమ్ము పట్టి గట్టిపడిపోయింది. సీటు కదలకపోయినా మోటారు తిప్పుతూ ఉంటే ఆ చక్రం పళ్లన్నీ రాలిపోయాయి. ఎవడి దగ్గరా నేర్చుకోకుండానే పని వచ్చేసిందని మిడిసిపడ్డ వెధవని నేను.

బావ ఆ ముద్దను వేలితో తీసి వాసన చూశాడు.

"ఇది మీ పోర్టు గ్రీజే కదేటి బావా?"

తల ఊపాను.

"మరెవుల్తోనూ అనకు, మీ అక్కతో కూడా. బయటికి తెచ్చినావని తెలిత్తే నీ పనీ పోద్ది. స్విచ్చి నానే గట్టిగా నొక్కీసినానని కాంట్రాక్టరుగారికి సెప్పేత్తాను. సరేనా?"

వద్దు, నేనే వచ్చి చెబుతాను అనాలి. బోల్టులు ఏరుకుంటూ కూర్చున్నాను. బావ మళ్లీ అడిగాడు.

సరే అన్నాను.