తల కింద చెప్పులు

మంగళవారం, రాత్రి.

బస్సు కుదుపులకు నడుము పట్టేసింది. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలను తిరిగి ఇంటికి చేర్చడం నా ఉద్యోగం. ఎండాకాలమంతా బాన్సువాడ బస్టాండులో పడుకున్న జ్యోతిని పోయిన వారమే మద్నూర్ దగ్గరి తండాలో వాళ్లమ్మకు అప్పగించాను. ఇవాళ వెళ్లి చూస్తే తల్లీబిడ్డల మధ్య మాటల్లేవు.

"రోజూ చెప్పులు నెత్తికింద పెట్టుకొని పంటది అన్నా. ఇంట్ల ఎవలన్న గట్ల పెడ్తరా? గందుకే దాచిపెట్టిన" అంది తల్లి.

"బస్టాండుల నెత్తికింద పెట్టుకోకుంటే తెల్లారెటాలకు పోతుండె" అని జ్యోతి గొణిగింది. "ఈడ గూడ పోయినయి."

తల్లిని పక్కకు పిలిచి, చెప్పులు ఇచ్చేయమన్నాను.

"ఇస్తే మల్ల ఉరుకుతది."

"దాస్తే ఉట్టి కాళ్లతోనే ఉరుకుతది అక్కా."

తల్లి బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది. జ్యోతి వాటిని ఒళ్లో పెట్టుకునే అన్నం తిన్నది.

నేను బస్సెక్కుతుంటే, "పిల్ల పోతే నీదే జిమ్మ" అంది తల్లి.

ఆ బాధ్యత నెత్తిన పెట్టుకునే ఇంటికొచ్చాను. నా మాట తప్పయితే? ఏదో ఒక రాత్రి ఆ పిల్ల చెప్పులు గడప బయట విడిచి పడుకుందని వాళ్లమ్మ ఫోన్ చేస్తే చాలు. అప్పటిదాకా నా ఫోన్ దిండు కిందే.